సీటు బెల్టు పెట్టుకున్న పిజ్జా

మొన్న ఆదివారం నేను జన్మలో మొదటిసారి పిజ్జా అంగట్లో కూర్చున్నా. కూర్చున్నా అంటే కూర్చున్నా, అంతవరకే. తక్కినది చెప్పమంటే ముందు ఇంగో కరక్ టీ చెప్పండి. ఒళ్ళు హూనమైపోయింది నాకు.

"ఏమైందిరా ఓబులేసూ, మొకం గట్ల పీక్కపోయింది?" అని మల్లేశన్న అప్పుడే మొదలుపెట్టినాడు. ఈ బెంచీ మీద కొత్తోళ్ళు ఇద్దరు ఉండారు కాబట్టి మొదట్నుంచీ చెప్తా. మల్లేశన్నది జగిత్యాల. అల్ ఖోర్ కాడ కంపెనీ క్యాంపులో ఉంటాడు, సైటు పని. శుక్రవారం వస్తే బస్సెక్కి ఈ ఉమ్ ఘువైలినా టీ అంగడి కాడికి వస్తాడు. నాది కడప జిల్లా. అల్ తుమామాలో ఒక ఖతరీ వాళ్ళింట్లో డ్రైవర్ని. మా ఊర్లో ఖతర్ అంటే ఎవురికీ తెలీదు, ఏడేళ్ళ నుంచీ నేను కువైట్‌లోనే ఉండా వాళ్ళ లెక్కలో. చెప్పీ చెప్పీ విసుగొచ్చి నేనూ ఒప్పేసుకున్నా.

ఆ ఇంట్లో పిల్లకాయలు ఐదు మంది. బడులు మూడు. పొద్దున నాలుగున్నరకు లేస్తే కారు తుడిచేది, ఐదు బ్యాగులు, ఐదు నీళ్ళ బాటిళ్ళు, ముగ్గురు కొట్టుకునేది, ఒకడు ఏడ్చేది. దింపి వచ్చేసరికి మేడంను ఆఫీసుకు దింపాల. ఆ ఆదివారానికి ముందు మేడం వాళ్ళ చుట్టాలు వచ్చి పోయినారు కాబట్టి మూడు దినాలు ఎయిర్‌పోర్టుకు, ఇంటికి తిరుగుడే తిరుగుడు. రెప్ప వాల్చినానో లేదో నాకే గుర్తులేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నా తప్పుకు ఇదే సాకు.

గురువారం వస్తే పిల్లకాయలకు పిజ్జా. మేడం ఫోన్లో ఆర్డర్ పెడతాది, నేను పోయి తెచ్చేది. అమెరికా మాదిరి అంగడి అది. టేబుళ్ళ మీద ఎర్రగళ్ళ గుడ్డలు, గోడల నిండా పాత కార్ల నంబరు ప్లేట్లు, కూల్‌డ్రింకు ఎన్నిసార్లు పట్టుకున్నా అడిగేవాడు లేడు. ఏడేళ్ళుగా చూస్తాండా కదా, ఆ అంగట్లో కౌంటరు దాకా నాకు కళ్ళు మూసుకున్నా దారి తెలుసు. కౌంటరు దాటి లోపల ఒక్క అడుగు కూడా వేసింది లేదు.

పిజ్జా మోసేది మామూలు పని కాదప్పా. మొదటి సంవత్సరం సీటు మీద పెట్టినా. మా వీధిలో స్పీడ్ బ్రేకర్ కాడ ఎగిరి కింద పడింది. ఇంటికి తెచ్చి మూత తీస్తే చీజంతా ఒక పక్కకు పోయి కూర్చుంది. చిన్నోడు ఏడ్చిన ఏడుపుకు వాళ్ళ నాయన నిద్ర లేచి వచ్చినాడు. ఆ పొద్దు నుంచీ నా పద్ధతి ఒకటే. డబ్బా పక్క సీటు మీద, దానికి సీటు బెల్టు. ఏసీ గాలి కాళ్ళ వైపుకు, లేకపోతే సల్లబడిపోతాది. నేను బెల్టు పెట్టుకునేది మరిచిపోయినా పిజ్జాకు పెట్టేది మరవను.

ఇంగ అసలు సంగతి. మా పాప భార్గవి. ఎనిమిదో తరగతి, రాయచోటి దగ్గర గురుకులం హాస్టల్లో చదువుతాది. ఫోన్లు ఉండవు ఆడ. నెలకు ఒక్క ఆదివారం అమ్మానాన్నలను రానిస్తారు. మా ఇంటామె బస్సులో పోయి, తన ఫోన్లోనే నాకు వీడియో కాల్ కలిపి పాపకు ఇస్తాది. ఆ పది నిమిషాల కోసం నెలంతా చూస్తా నేను.

పోయిన సంవత్సరం పాప సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక గురువారం కాల్ చేసింది. పక్క సీట్లో డబ్బా కనపడింది. "ఏంది నాన్నా అది?" అనింది. పిజ్జా అన్నా. "నీదేనా?" అనింది.

ఏమన్నా చెప్పొచ్చు కదా ఆ మాటకు. వేరేవాళ్ళది తల్లీ, మోసకపోతాండా అని చెప్తే అయిపోయేది. నా నోరు ఊరుకోలా. "నాదే బంగారూ. వారం వారం పోయి కూర్చొని తినొస్తా, మిగిలింది కట్టించుకొస్తా" అనేసినా. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆ పిల్ల కండ్లలో నేను ఎప్పుడూ కారులో కూర్చొనే ఉంటాను, ఒక్కసారన్నా దిగి కూర్చున్నట్టు కనపడదామని అనిపించి ఉంటాది.

పోయిన నెల కాల్‌లో పాప ఏమనిందంటే, "నాన్నా, మా రూములో పిల్లోళ్ళు నమ్మడం లేదు. మీ నాన్న డ్రైవరు, పిజ్జాలు మోసేటోడే గానీ తినేటోడు కాదు అంటాండారు. పందెం కాసినా నేను. వచ్చే నెల కాల్ చేసినప్పుడు నువ్వు అంగట్లో కూర్చొని తింటా చూపియ్యాల. అందురూ చూస్తారు."

చూడండి, ఎట్ల తగులుకుందో. నాకు పోయేది ఏముండాది, ఇంత పరువు. ఆ పిల్లకు అట్ల కాదు. పదకొండు మంది ఉండే రూములో మాట పోతే ఇంగ సంవత్సరమంతా అదే పాట పాడతారు. పిల్లను తలెత్తుకోనియ్యరు.

మేడంను అడిగినా. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా నాకు చిన్న పని ఉండాది అని. ఆమె చేతిలో ఫోను చూసుకుంటానే, "యల్లా, సరే పో, పన్నెండున్నరకు స్కూలు కాడ ఉండాల" అనింది. కాల్ వచ్చేది మనకు పదకొండున్నరకు. అంగడి తెరిచేది పదిన్నరకు. లెక్క కుదిరింది.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నా. తల దువ్వుకున్నా. మా ఇంట్లో పనిచేసే సత్యవతక్క, గోదావరి ఆమె, నన్ను చూసి "ఏంటి తమ్ముడూ, పెళ్ళికొడుకులా తయారయ్యావు?" అనింది. ఏమీ లేదక్కా అని జారుకున్నా.

అంగట్లోకి పోతే కౌంటర్లో ఫిలిప్పీన్ పిల్ల ఉండాది. ఏడేళ్ళ నుంచి చూస్తాండాది నన్ను. "గుడ్ మార్నింగ్, పికప్?" అనింది. నేను గొంతు సవరించుకొని, "నో. టుడే సిట్టింగ్" అన్నా. ఆ పిల్ల నవ్వింది. "వెల్‌కమ్ సార్" అనింది. నా వెనక ఎవురన్నా ఉండారేమో అని తిరిగి చూసినా.

ఏం కావాల అనింది. మెనూ ఇచ్చింది. ఆ ఫోటోలన్నీ చూస్తే నాకేం కావాలో నాకు తెలీదని అప్పుడు తెలిసింది. నోటికి వచ్చింది ఒకటే. సగం చికెన్, సగం చీజు, ఆలివ్ వద్దు, ముక్కలు చిన్నవి కొయ్యాల. అది ఇంటి ఆర్డర్. ఆలివ్ వద్దనేది రెండో పాప, చిన్న ముక్కలు కావాలనేది మేడం వాళ్ళమ్మ, పెద్ద మేడం. నాకు ఆలివ్ అంటే ఇష్టమో కాదో ఆ దినానికి తెలీదు. ఆ పిల్ల "ఫోన్ నంబర్?" అనింది. ఆ నంబరు కూడా గడగడా చెప్పేసినా. మేడం నంబరు.

"నీ నంబర్ లేదారా నీకు?" అంటాండాడు మల్లేశన్న. ఉండాది అన్నా. ఆ కౌంటరు కాడ నిలబడితే నాకు గుర్తొచ్చేది ఆ నంబరే.

డబ్బులిచ్చి కిటికీ పక్కన సోఫాలో కూర్చున్నా. ఎర్ర సోఫా, మెత్తగా ఉండాది. ఫోన్ను ఉప్పు డబ్బాకు ఆనించి చూసుకున్నా, నా ముఖం, వెనక నంబరు ప్లేట్లు, అన్నీ బాగా పడతాండాయి. పిజ్జా వచ్చి ముందర పెడితే ఇంగ చాలు. ఇరవై నిమిషాలు పడుతుందని చెప్పింది ఆ పిల్ల. సల్లని ఏసీ. ఎవరో ఇంగ్లీషులో నిదానంగా పాడతాండారు. మూడు దినాల నిద్ర ఎక్కడ పొంచి ఉందో, అదంతా ఒక్కసారి వచ్చి మీద పడింది.

"పికప్ రెడీ!"

ఆ మాట చెవిన పడితే చాలు, లేచేసినా. ఇది ఎట్ల చెప్పేది మీకు. బుర్ర లేవలా, ఒళ్ళు లేచింది. కౌంటర్ మీద డబ్బా ఉండాది. మేడం నంబరు కొడితే వాళ్ళ కంప్యూటర్లో ఎప్పుడూ ఉండే పికప్ ఆర్డరే వచ్చిందంట, లోపలోళ్ళు డబ్బాలో కట్టేసినారు. ఆ ఫిలిప్పీన్ పిల్ల అప్పుడు లేదు, వేరే ఎవురో ఉండారు. నేను డబ్బా కింద చెయ్యి పెట్టి వేడి చూసుకున్నా. సాసు పొట్లాలు లెక్కపెట్టుకున్నా, ఐదు. థాంక్యూ అన్నా. కారు తలుపు తీసినా, పక్క సీటు మీద పెట్టినా, బెల్టు పెట్టినా, ఏసీ కిందికి తిప్పినా. యల్లా అని పోనిచ్చినా.

కండ్లు తెరిచే ఉండాయి నాకు. సిగ్నళ్ళ కాడ ఆగినా, ఇండికేటర్ వేసినా. ఏ పనీ తప్పు చెయ్యలా. పాపను మాత్రం మరిచిపోయినా. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద కోపమే.

గేటు కాడ హారన్ కొట్టినా. సత్యవతక్క వచ్చింది. "ఆదివారం పిజ్జా ఏంటి? పిల్లలెవరూ లేరుగా ఇంట్లో?" అనింది. "ఏమో అక్కా, ఆర్డర్ వచ్చింది, తెచ్చినా" అన్నా. ఆమె డబ్బా తీసుకొని లోపలికి పోయింది. నేను సీటు వెనక్కి వాల్చి, హమ్మయ్య ఒక పని అయింది అనుకున్నా.

ఫోన్ మోగింది.

మా ఇంటామె ముఖం, పక్కనే పాప ముఖం. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. "నాన్నా, చూపియ్యి. ఏదీ పిజ్జా?" అనింది.

పక్క సీటు చూసినా. ఖాళీ. బెల్టు మాత్రం వేలాడతాండాది. అప్పుడు గుర్తొచ్చింది, ఇస్త్రీ చొక్కా ఎందుకు వేసుకున్నానో.

"ఒక్క నిమిషం తల్లీ" అని ఫోన్ గుండెకు అదుముకొని వంటింటి వైపు ఉరికినా. "అక్కా, ఆ పిజ్జా ఏదీ, అది నాదక్కా" అన్నా. సత్యవతక్క నన్ను కిందికీ పైకీ చూసింది. "నీదేంటయ్యా? పెద్ద మేడం వాసన చూసి అడిగింది, ఇచ్చేశాను" అనింది.

వంటింటి తలుపు సందులోంచి కనపడతాండాది. పెద్ద మేడం సోఫాలో కూర్చొని, డబ్బా ఒళ్ళో పెట్టుకొని తింటాండాది. డాక్టరు ఆమెకు కొవ్వు, ఉప్పు అన్నీ మానమన్నాడు. మేడం ఉన్నప్పుడు ఒక్క ముక్క కూడా ఇయ్యదు ఆమెకు. ఇల్లు ఖాళీ, కూతురు ఆఫీసులో, ఒళ్ళో వేడి వేడి పిజ్జా. ఎంత సంతోషంగా ఉండాదో ఆ ముసలామె. నన్ను చూసి "జేన్, జేన్" అని చెయ్యి ఊపింది. బాగుండాది అని.

పిజ్జా ఆడనే ఉండాది, నాకు ఆరడుగుల దూరంలో. ఫోన్లో మా పాప ఎదురుచూస్తాండాది. కానీ ఫోన్ ఆ పక్కకు తిప్పేది ఎట్ల? ఆ ఇంటి ఆడోళ్ళు కెమెరాలో పడితే ఇంగేమన్నా ఉండాదా. డ్యూటీ ఆ దినమే ఆఖరు. ఈ దేశంలో ఏడేళ్ళు ఉన్నోనికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ వైపుకు తిరిగి నిలబడినా. ఫోన్లోంచి "నాన్నా, ఏం కనపడలా, అంతా చొక్కా గుండీలే కనపడతాండాయి" అంటాండాది పాప.

"అక్కా, ఒక్క ముక్క" అన్నా మెల్లగా. సత్యవతక్కకు ఏం అర్థమైందో గానీ, పోయి ప్లేట్లో పెట్టుకొచ్చింది. చూస్తే అంచులు. పెద్ద మేడంకు కట్టుడు పళ్ళు కదా, మెత్తటి భాగం తిని అంచులు పక్కన పెడతాది. నాలుగు అంచులు, ఒకదానికి ఇంత చీజు అంటుకొని ఉండాది.

ఇంగ అదే గతి. వంటింటి గోడకు ఆనుకొని, నవ్వు ముఖం పెట్టి, అంచు ఎత్తి చూపించినా. "ఇదిగో బంగారూ, తింటాండా. మీ పిల్లోళ్ళందర్నీ చూడమను" అన్నా.

పాప ఫోన్ ముఖానికి దగ్గర పెట్టుకుంది. చూస్తా ఉండాది. వెనక మా ఇంటామె "అదేందది, రొట్టెముక్క మాదిరి ఉండాది" అనింది. నా గొంతులో ఆ అంచు అడ్డం పడింది. దగ్గు. కండ్లలో నీళ్ళు. అవి దగ్గుకు వచ్చినవే అని మీరు అనుకోండి.

"పాపా, నేను అబద్ధం చెప్పినానమ్మా" అన్నా. "ఎప్పుడూ తినలా నేను. మోసేదే నా పని. ఈ పొద్దు నీ కోసరం కూర్చున్నా, నిజంగా కూర్చున్నా, కానీ అది కూడా మోసుకొచ్చి ఇంట్లో ఇచ్చేసినా. మీ పిల్లోళ్ళకు ఏం చెప్తావో చెప్పుకో. నీ పందెం పోగొట్టినా" అని మొత్తం చెప్పేసినా.

పాప నవ్వింది. ఏడుస్తాదేమో అనుకుంటే నవ్వింది.

"నాకు తెలుసు నాన్నా" అనింది. "మొదటి దినమే తెలుసు. పందెం లేదు ఏం లేదు. పిల్లోళ్ళకు చెప్పనే లేదు నేను."

"మరి?" అన్నా.

"ఆ డబ్బాకు బెల్టు పెట్టింటివి కదా. మనం తినేదానికి ఎవరన్నా బెల్టు పెడతారా? అది వేరేవాళ్ళదని అప్పుడే తెలిసింది. ఊరికే చెప్తే నువ్వు పోవు. పందెం అంటేనన్నా పోయి, ఒక్కసారి కూర్చొని తింటావని అట్ల చెప్పినా."

వార్డెన్ పిలిచిందేమో, "సరే నాన్నా, టైమైంది. ఈసారి నీదానికి బెల్టు పెట్టొద్దు" అని పెట్టేసింది పాప.

"గింత పిల్ల నిన్ను ఆడిచ్చింది పో" అంటాండాడు మల్లేశన్న. ముక్కు తుడుచుకుంటాండాడు గానీ, జలుబంట. ఈ మాట వింటే అందరికీ జలుబే.

కథ ఆడికి అయిపోలా. సాయంత్రం మేడం పిలిచింది. ఆమె ఫోనుకు మెసేజ్ పోయింది కదా, పదకొండు గంటలకు పిజ్జా పికప్ అని. "నేను ఆర్డర్ పెట్టలేదు. ఎవరు తిన్నారు?" అనింది. పెద్ద మేడం పక్కనే కూర్చొని ఉండాది. జపమాల తిప్పుతా, ఏమీ తెలియనట్టు టీవీ చూస్తాండాది. ఒక్క క్షణం మాత్రం నా వైపు చూసింది. ఆ చూపు మా భార్గవిది చిన్నప్పుడు, చక్కెర డబ్బా కాడ దొరికినప్పటి చూపు.

"అనా" అన్నా. నేనే.

"మొత్తం?"

"మొత్తం మేడం. నా దుడ్లతోనే కొనుక్కున్నా. నంబరే పొరపాటున మీది చెప్పినా."

మేడం నన్ను చూసింది. సన్నగా ఉంటా కదా నేను, ఫ్యామిలీ సైజు పిజ్జా యాడ పోయిందో అని ఒళ్ళంతా వెతికింది చూపుతో. తిడతాదనుకున్నా. పాపం, మంచామె. "ఇన్నేళ్ళ నుంచి తెస్తున్నావు, ఇంత ఇష్టమని ఒక్కసారి కూడా చెప్పలేదేంది?" అనింది. ఆ దినం నుంచి ఆర్డర్లో ఇంగో చిన్న పిజ్జా చేరింది. గురువారం గురువారం, డ్రైవరుకు అని.

ఊర్లో ఏడాదిగా అబద్ధం చెప్పినా ఒక్క పిల్లను నమ్మించలేకపోయినా. ఈడ ఒక్క మాటకు ఇల్లంతా నమ్మింది. ఇప్పుడు నేను వారం వారం పిజ్జా తినేటోణ్ణి. పిల్లకాయలు నన్ను పిజ్జా డ్రైవర్ అంటాండారు.

"గట్లయితే నిన్న గురువారమే కదా. తిన్నవా మరి?" అంటాండాడు మల్లేశన్న.

అదే చెప్తాండా. నిన్న పోయినా. పెద్ద డబ్బా ఒకటి, దాని మీద పేరు రాసి చిన్న డబ్బా ఒకటి. డ్రైవర్ అని రాసినారు, ఇంగ్లీషులో. పెద్దది పక్క సీట్లో పెట్టి బెల్టు పెట్టినా. చిన్నదానికి కూడా పెడదామని వెనక సీటు కాడికి పోయినా. పాప మాట గుర్తొచ్చింది. నాది కదా, మనం తినేదానికి బెల్టు పెట్టం కదా. దర్జాగా వెనక సీట్లో ఊరికే పెట్టినా. అద్దంలో చూసుకుంటా నడిపినా దారంతా, నా పిజ్జా నా వెనక కూర్చొని వస్తాండాది, నేను దానికి డ్రైవర్ని.

మా వీధి స్పీడ్ బ్రేకర్ మరిచిపోయినా.

గేటు కాడ పెద్ద మేడం కిటికీలోంచి చూస్తానే ఉండాది, చిన్న డబ్బా కోసరం. ఆమె నోరు తెరిచి అడగకపోయినా నాకు తెలుసు, అది నాకు దక్కదని. సత్యవతక్క వచ్చి కింద పడిన డబ్బా ఎత్తి, మూత తీసి చూసి, "ఇది పెద్ద మేడంకెలా ఇస్తాను తమ్ముడూ, చీజంతా మూతకే ఉంది. నువ్వే తినేసెయ్" అని నా చేతిలో పెట్టి పోయింది.

కారులోనే కూర్చొని తిన్నా మల్లేశన్నా. ముక్కలు కాదు, అవి వట్టి రొట్టెలు. మూత తిన్నా. వేలితో గీక్కొని.

ఆలివ్ వేసినారు ఈసారి. నాకిష్టం లేదు.